తైషిగోంగ్

తైషిగోంగ్ అనేది ప్రాచీన చైనా చరిత్రకారుడు సిమా చియెన్ తన గ్రంథం 'షిజి'లో తనను తాను చెప్పుకున్న హోదా. 130 అధ్యాయాల ఈ గ్రంథంలో చాలా అధ్యాయాల చివర "తైషిగోంగ్ అంటున్నాడు" అన్న ఎత్తుగడతో రచయిత సొంత అభిప్రాయం మొదలవుతుంది. గ్రంథానికి మొదట్లో ఉన్న పేరు కూడా 'తైషిగోంగ్ షు', అంటే తైషిగోంగ్ గారి పుస్తకం. షిజి అన్న పేరు తరువాతి కాలంలో స్థిరపడింది.

హాన్ వంశపు ఆస్థానంలో అసలు పదవి తైషిలింగ్. గ్రహగతులు చూడడం, పంచాంగం సరిచేయడం, రాజపత్రాలు భద్రపరచడం ఆ అధికారి పనులు. జీతపు అంతస్తు 600 షిల ధాన్యం, ప్రధానమంత్రిది 10,000. సిమా తాన్ ఈ కొలువు చేసి క్రీ.పూ. 110లో చనిపోయాడు. మూడో ఏట అది కొడుకు చియెన్‌కు దక్కింది. చిన్న కొలువే అయినా వెనక పెద్ద చరిత్ర ఉంది. క్రీ.పూ. 548లో చీ రాజ్యంలో రాజును చంపించిన మంత్రి త్స్వీ జు నేరాన్ని ఉన్నదున్నట్టు రాసినందుకు అక్కడి తైషి, అంటే ఆస్థాన లేఖకుడు, ప్రాణం పోగొట్టుకున్నాడు. తరువాత అదే మాట రాసిన ఇద్దరు తమ్ముళ్లూ హతులయ్యారు. మరో తమ్ముడు మళ్లీ అదే రాసేసరికి మంత్రి వదిలేశాడు. ఈ కథ చెప్పిన 'జువో జువాన్' ఆ అన్నదమ్ముల్లో ఒక్కరి పేరూ ఇవ్వదు.

లింగ్‌కు బదులు 'గోంగ్' అనే గౌరవపదం ఎలా చేరిందన్నది పాత వివాదం. తైషిగోంగ్ ప్రధానమంత్రి కన్నా పై పదవి అని హాన్ కాలపు పండితుడు వెయ్ హోంగ్ రాశాడు గానీ, 600 షిల జీతం ముందు ఆ మాట నిలవదు. చియెన్ కూతురి కొడుకు యాంగ్ యున్ తాతగారి మీద గౌరవంతో చేర్చాడని కొందరు, తండ్రిని గౌరవిస్తూ చియెన్ తానే వాడాడని మరికొందరు అంటారు. చివరి అధ్యాయం చదివితే రెండోదే సబబనిపిస్తుంది. అక్కడ మరణశయ్య మీద కొడుకు చెయ్యి పట్టుకుని ఏడ్చిన తైషిగోంగ్ తండ్రి. కొద్ది పంక్తులు దాటాక మాట్లాడే తైషిగోంగ్ కొడుకు. మధ్యలో తన నియామకం చెప్పేటప్పుడు మాత్రం చియెన్ తన పేరూ, తైషిలింగ్ అన్న అసలు పదవీ రాసుకున్నాడు. ఈ తేడా పొరపాటున వచ్చింది కాదు. పుస్తకం తలపెట్టింది తండ్రి గనుక, తీర్పు చెప్పే గొంతు ఇద్దరిదీ కావాలనుకున్నట్టుంది.

షియోంగ్ను తెగలకు లొంగిపోయిన సేనాని లీ లింగ్‌ను వెనకేసుకొచ్చినందుకు చియెన్‌కు వృషణచ్ఛేదం శిక్ష పడింది. ఆ తరువాత చక్రవర్తి వూ అతన్ని జోంగ్‌షులింగ్‌గా అంతఃపుర కొలువులో పెట్టుకున్నాడు. పాతదానికన్నా పెద్ద పదవే, కానీ నపుంసకుడికిచ్చే పదవి. పుస్తకంలో తీర్పులు చెప్పడానికి అతను ఆ హోదాను వాడుకోలేదు. మిత్రుడు రెన్ ఆన్‌కు రాసిన లేఖలో, జ్యోతిష్యం చూసే తన తండ్రి కొలువును చక్రవర్తి వినోదానికి ఉంచుకున్నాడనీ, లోకం చులకన చేసిందనీ చేదుగా చెప్పుకున్నాడు. లోకం అంత అలుసు చేసిన హోదాకే గోంగ్ తగిలించి వంద అధ్యాయాలకు పైగా ఆ పేరుతో మాట్లాడాడు.

తరువాతి చరిత్రకారులు సొంత అభిప్రాయాన్ని విడిగా చెప్పే పద్ధతి ఉంచుకుని హోదాను వదిలేశారు. బాన్ గు, చెన్ షౌ తమ వ్యాఖ్యలకు ముందు ఏ పదవీ రాయలేదు. 1084లో చరిత్ర పూర్తిచేసి చక్రవర్తికి సమర్పించిన సిమా గ్వాంగ్ మాత్రం "మీ సేవకుడు గ్వాంగ్" అంటూ మొదలుపెట్టాడు.