అరెస్టు నుండి రక్షణ వరకు

మతి చలించి వీధిన పడిన మనిషిని పోలీసులు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు మన దేశంలో సుమారు 160 ఏళ్ల కాలంలో నాలుగు చట్టాలు నాలుగు విధాలుగా జవాబు చెప్పాయి. ఫైళ్లతో జీవితం గడిపినవాళ్లం గనుక, ఒక్క మాట మారితే మనిషి గతి ఎంత మారుతుందో మనకు విదితమే.

1858 నాటి చట్టం వీధుల్లో తిరిగే ఉన్మాదులను పట్టుకుని మేజిస్ట్రేటు వద్దకు పంపమని దారోగాలను ఆదేశించింది. 1912 నాటి ల్యూనసీ చట్టం 13వ సెక్షను కూడా అదే బాటలో నడిచింది. అందులో వాడిన మాట "అరెస్టు". దొంగకూ అదే మాట, మతిస్థిమితం తప్పినవాడికీ అదే మాట. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా నాలుగు దశాబ్దాలకు పైగా ఆ చట్టమే కొనసాగింది. మనలో చాలామంది ఉద్యోగంలో చేరేనాటికి అమలులో ఉన్నది అదే.

1987లో మెంటల్ హెల్త్ చట్టం వచ్చి, 1993 ఏప్రిల్ 1 నుండి అమలయింది. "అరెస్టు" పోయి "రక్షణలోకి తీసుకోవడం" అన్న మాట వచ్చింది. అయినా 24 గంటల్లో హాజరుపరచవలసింది మేజిస్ట్రేటు ముందే. అదే 1993లో షీలా బార్సే కేసులో సుప్రీంకోర్టు కీలకమైన తీర్పు ఇచ్చింది. ఏ నేరమూ చేయని మానసిక రోగులు పశ్చిమ బెంగాల్ జైళ్లలో మగ్గుతున్న సంగతి ఆ కేసులో బయటపడింది. అలాంటివారిని జైళ్లలో ఉంచడం చట్టవిరుద్ధం, రాజ్యాంగ విరుద్ధమని కోర్టు స్పష్టం చేసింది.

2018లో అమలులోకి వచ్చిన 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మరో అడుగు ముందుకు వేసింది. దాని 100వ సెక్షను ప్రకారం, అలాంటి మనిషిని రక్షణలోకి తీసుకోవడం స్టేషను అధికారి విధి. వీలైనంత త్వరగా, 24 గంటలు దాటకుండా, దగ్గరలోని ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. ఎట్టి పరిస్థితిలోనూ లాకప్‌లో గాని, జైలులో గాని ఉంచరాదు. దిక్కులేక తిరుగుతున్నవారైతే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి, కుటుంబం ఆచూకీ తీయాలి. మేజిస్ట్రేటు స్థానంలోకి డాక్టరు వచ్చాడన్నమాట.

ఇది మనకు సంబంధం లేని విషయమని అనుకోవద్దు. మానసిక అస్వస్థతకు ఈ చట్టం ఇచ్చిన నిర్వచనంలో, విచక్షణను తీవ్రంగా దెబ్బతీసే జ్ఞాపకశక్తి లోపం కూడా చేరి ఉంది. మతిమరుపు ముదిరి, ఇంటి దారి మరచి, బస్టాండులో దిక్కు తోచక నిలబడిన వృద్ధుడికి కూడా ఈ సెక్షనే అండ. అరుస్తున్నాడనో, మాట వినడం లేదనో లాఠీ ఎత్తే కానిస్టేబులుకు ఆ సంగతి తెలియకపోవచ్చు. ఇంటివారికి తెలిసి ఉంటే వినయంగానే గుర్తు చేయవచ్చు.

కనుక సభ్యులకు మనవి. మతిమరుపు ఉన్న పెద్దల జేబులో పేరు, చిరునామా, ఫోను నంబరు రాసిన చీటీ ఉంచండి. ఈమధ్య తీయించిన ఫోటో ఇంట్లో సిద్ధంగా ఉంచండి. మనిషి కనిపించకపోతే తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి. అత్యవసరమైతే 112కు ఫోను చేయండి. మానసిక వ్యథకు సలహా కావాలంటే 2022లో ప్రారంభమైన టెలిమానస్ నంబరు 14416 ఉంది. ఈ పుటను కత్తిరించి పెన్షను పుస్తకంలో దాచుకుంటే, ఎప్పుడో ఒకప్పుడు మనకో, పొరుగువారికో అక్కరకు రావచ్చు.