కోడి తెగులు మనిషికి ఎందుకు అంటదు?

రాజీవ్ రహదారి మీద సిద్దిపేట నుంచి హైదరాబాద్ వైపు వస్తుంటే కొండపాక, గజ్వేల్, వర్గల్, ములుగు మండలాలు వరసగా తగులుతాయి. ఈ పట్టీలో ఇప్పుడు కోళ్ల షెడ్లు మామూలే. ఒకప్పుడు మాత్రం కోళ్ల పెంపకమంటే పెరట్లో గంప కింద నాలుగు నాటు కోళ్లు. తెగులు తగిలిందంటే వాడకట్టంతా కోళ్లు రాలిపోయేవి. తూగుతున్న కోడిని చావకముందే కోసి వండుకున్న ఇళ్లూ ఉండేవి. అయినా ఆ తెగులు మనుషులకు అంటడం అరుదు.

1971లో బండా వాసుదేవరావు వెంకటేశ్వర హేచరీస్ స్థాపించడం, 1982లో ఆయన చొరవతోనే జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) ఏర్పడటంతో కోళ్లు పెరడు దాటి పరిశ్రమగా మారాయి. వేల కోళ్లు ఒకే షెడ్డులో పెరిగేచోట తెగులు వస్తే పెట్టుబడి మొత్తం పోతుంది. రైతు భయపడిన వాటిలో కోళ్ల టైఫాయిడ్, కోడిపిల్లల్లో వచ్చే తెల్లపారుడు ముఖ్యమైనవి. రెండూ తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లకు దిగుతాయి. అందుకే తల్లి కోళ్లకు రక్తపరీక్ష చేసి, తెగులున్నవాటిని ఏరివేసే పద్ధతి వచ్చింది.

కోళ్ల టైఫాయిడ్ క్రిమిని 1889లో ఇంగ్లండ్‌లో క్లైన్ గుర్తించాడు. తెల్లపారుడు క్రిమిని ఆ తర్వాత కొన్నేళ్లకే అమెరికాలో రెట్గర్ పట్టుకున్నాడు. రెండూ సాల్మొనెల్లా బ్యాక్టీరియాలే, మనిషికి టైఫాయిడ్ తెచ్చే క్రిమికి దగ్గరి చుట్టాలే. అయినా మనిషిని పట్టింది తక్కువ. గుడ్లు వేసి చేసిన అన్నం పుడ్డింగ్ తిని నాలుగు వందలమందికి పైగా అమెరికన్లు జబ్బుపడ్డారని, దానికి తెల్లపారుడు క్రిమే కారణం కావచ్చని 1946లో వచ్చిన నివేదిక అలాంటి అరుదైన ఉదంతం. కోడి ఒంటికి అలవాటు పడేకొద్దీ కోళ్ల టైఫాయిడ్ క్రిమి జన్యువుల్లో చాలా పనికిరాకుండా పోయాయని 2008 నాటి జన్యు పరిశోధన చూపింది; అది మనిషిని పెద్దగా పట్టకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

బోర్డెటెల్లా హింజీ కథ ఇంకొకటి. కోరింత దగ్గు క్రిమికి బంధువైన ఈ బ్యాక్టీరియా కోళ్లు, టర్కీల శ్వాసనాళంలో ఉంటుంది. 1994లో ఒక ఎయిడ్స్ రోగి రక్తంలో అది బయటపడింది. మరుసటి ఏడు జర్మన్ పశువైద్యుడు హింజ్ పేరు మీద దానికి నామకరణం జరిగింది. తర్వాత దీని బారిన పడినవారిలోనూ ఎక్కువమంది రోగనిరోధక శక్తి తగ్గినవారే.

అసలు ముప్పు కోడిని పడగొట్టని క్రిమితోనే. సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్ సోకిన పెట్ట హుషారుగానే తిరుగుతుంది, గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డులోనే క్రిమి ఉండొచ్చు. 1988 డిసెంబరులో బ్రిటన్ గుడ్లలో సాల్మొనెల్లా ఉందన్న ఒక్క మాటకు అక్కడి సహాయ మంత్రి ఎడ్వినా కర్రీ రెండు వారాల్లో పదవి వదులుకోవాల్సి వచ్చింది. కోళ్ల టైఫాయిడ్‌ను తుడిచిపెట్టడంతో ఖాళీ అయిన చోటునే ఎంటెరిటిడిస్ ఆక్రమించి ఉండవచ్చని 2000లో కొందరు శాస్త్రవేత్తలు వాదించారు.

మందుల వాడకం మరో చిక్కు. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకూ వాడుతుండటంతో, కేంద్రం 2019 జులైలో ఆహార జంతువులకు దాన్ని నిషేధించింది. కాబట్టి పశువైద్యుణ్ని అడగకుండా దాణాలోనో నీళ్లలోనో యాంటీబయాటిక్ కలపొద్దు. గుడ్డును పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించాలి. షెడ్డులో పనిచేసేవారు జ్వరంతో ఆస్పత్రికి వెళితే, తమ పని సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.