నిఘా, ఆరా, మానవ గౌరవం: హిజ్రత్ వృత్తాంతంపై ఒక పరిశీలన

మానవుని ప్రాణానికీ, అతని ఇంటి మర్యాదకూ దగ్గరి సంబంధం కలదు. ఒక వ్యక్తిని హతమార్చదలచిన వారు ముందుగా అతని రాకపోకలను గమనిస్తారు. ఎవరిని కలుస్తున్నాడు, ఏ వేళకు నిద్రిస్తున్నాడు, ఏ దారిన పోతున్నాడు అని ఆరా తీస్తారు. కత్తి ఒరలోనుండి వెలువడుటకు చాలా ముందే కన్ను తన పని మొదలుపెడుతుంది. ఈ సత్యానికి ఇస్లాం చరిత్రలో అన్నింటికంటె స్పష్టమైన దృష్టాంతం క్రీ.శ. 622లో జరిగిన హిజ్రత్.

హిజ్రత్‌ను మనం సాధారణంగా భక్తిభావంతో స్మరిస్తాం. అది సముచితమే. అయితే ఆ ప్రయాణంలో దైవసహాయంపై విశ్వాసంతో పాటు ఎంతటి మానవ యోచన ఇమిడి ఉన్నదో పరిశీలించినవారు తక్కువ. వేగుల కన్నుగప్పి బయటపడిన ఆ సమాజమే, అధికారం చేతికి వచ్చిన తరువాత పౌరుల ఇండ్లలోనికి తొంగిచూచుటను పాపంగా పరిగణించింది. ఈ రెండు విషయాలను కలిపి చూచుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

అఖబా రాత్రి

మక్కా చిన్న పట్టణం. అక్కడ తెగ తెగకూ, ఇంటి ఇంటికీ పరిచయం ఉన్నది. కొత్త ముఖం కనబడినా, తెలిసిన ముఖం కనబడకపోయినా వెంటనే తెలిసిపోయే ఊరది. అందుచేతనే తొలినాళ్ళ ముస్లింలు సఫా కొండ సమీపంలోని అర్ఖమ్ గృహంలో గోప్యంగా సమావేశమయ్యేవారు.

క్రీ.శ. 622 హజ్ దినాలలో యస్రిబ్ నుండి వచ్చినవారిలో 73 మంది పురుషులు, ఇద్దరు స్త్రీలు మినా వద్ద అఖబా కనుమలో దైవప్రవక్త (స)తో ప్రమాణం చేశారు. వారు తమ తెగలోని ఇతరులతో కలిసి గుడారాలలో పడుకొని, రాత్రి మూడవ వంతు గడచిన తరువాత ఒక్కొక్కరుగా, ఇద్దరిద్దరుగా చప్పుడు కాకుండా లేచి వెళ్ళారు. గుంపుగా కదిలితే గుంపుగానే కనబడతారు. విడివిడిగా కదిలినవారిని చూచినవాడు నిద్రపట్టక తిరుగుతున్న యాత్రికుడని అనుకొంటాడు.

మరునాటి ఉదయం ఖురైష్ పెద్దలు ఖజ్రజ్ విడిదికి వచ్చి నిలదీసినప్పుడు, అక్కడి బహుదైవారాధకులు అటువంటిదేమీ జరగలేదని ప్రమాణం చేసి చెప్పారు. వారు అబద్ధమాడలేదు. వారికి నిజంగానే తెలియదు. అబ్దుల్లా ఇబ్న్ ఉబయ్ అయితే, తన వారు తనను సంప్రదించకుండా ఇంతటి పని చేయరని అన్నాడు. రహస్యం అవసరమైనవారికి మాత్రమే తెలిసినప్పుడు మిగిలినవారి నిజాయితీయే దానికి రక్షణ అవుతుందని ఈ సంఘటన తెలుపుతున్నది. అయితే ఆ రక్షణ సంపూర్ణం కాలేదు. ఖురైషీయులు తరువాత వాస్తవం గ్రహించి, తిరుగుదారిలో సఅద్ ఇబ్న్ ఉబాదాను పట్టుకొని హింసించారు. ఆయనతో వ్యాపార సంబంధం గల మక్కావాసులు ఆయనను విడిపించారు.

మధ్యాహ్నపు రాక

ముస్లింలు కొద్దికొద్దిమందిగా యస్రిబ్‌కు తరలిపోయారు. చివరకు మక్కాలో దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (ర), హజ్రత్ అలీ (ర) వారితో పాటు, బంధింపబడినవారూ నిస్సహాయులూ మిగిలారు. దారున్నద్వాలో సమావేశమైన ఖురైష్ నాయకులు, ప్రతి వంశం నుండి ఒక యువకుడు చొప్పున అందరూ ఒక్కసారిగా ప్రవక్తపై పడవలెనన్న అబూజహల్ సూచనను ఆమోదించారు. రక్తాపరాధం అన్ని వంశాలకూ పంచబడితే బనూ హాషిం ఎవరిపైనా పగ తీర్చుకొనజాలరని వారి అంచనా.

ఇమామ్ బుఖారీ (మరణం క్రీ.శ. 870) సంకలనంలో హజ్రత్ ఆయిషా (ర) చెప్పిన వృత్తాంతం కలదు. ప్రవక్త (స) రోజూ ఉదయం లేదా సాయంత్రం అబూబక్ర్ ఇంటికి వచ్చేవారు. ఆనాడు మాత్రం మండుటెండలో, ఎవరూ వీధిలో తిరగని వేళ, ముఖంపై వస్త్రం కప్పుకొని వచ్చారు. ఆ వేళకు రావడం చూచి ఏదో ముఖ్యమైన పని ఉన్నదని అబూబక్ర్ వెంటనే గ్రహించారు. ప్రవక్త ముందుగా లోపల ఉన్నవారిని బయటకు పంపమన్నారు. ఇంటివారు తప్ప వేరెవరూ లేరని అబూబక్ర్ చెప్పిన తరువాతనే ప్రయాణ విషయం వెల్లడించారు.

ఇక్కడ గమనింపదగినవి మూడు కలవు. వేగులవాడు అలవాటుపై ఆధారపడతాడు కనుక ప్రవక్త అలవాటైన వేళను మార్చారు. వీధి ఖాళీగా ఉన్నప్పుడు వెంట వచ్చువాడు సులభంగా బయటపడతాడు కనుక జనసంచారం లేని వేళను ఎన్నుకొన్నారు. మాట పెదవి దాటుటకు ముందు వినువారెవరో విచారించారు. ఒంటెల సంగతి కూడా ఇటువంటిదే. అబూబక్ర్ నాలుగు నెలల ముందునుండియే రెండు ఒంటెలను తుమ్మజాతి ఆకులు మేపి సిద్ధపరచి ఉంచారు. ప్రయాణం నాడు సంతకు పోయి ఒంటెలను కొన్నవాడు తన ప్రయాణాన్ని ఊరంతటికీ చాటినవాడౌతాడు.

మాటు వేసినవారు

ఇబ్న్ ఇస్‌హాఖ్ కథనం ప్రకారం ఆ రాత్రి యువకులు ప్రవక్త ఇంటి వాకిట మాటు వేశారు. ప్రవక్త పడకపై ఆయన ఆకుపచ్చని దుప్పటి కప్పుకొని హజ్రత్ అలీ పడుకొన్నారు. వాకిటివారు లోనికి చూచి, ఆ దుప్పటిని గుర్తించి, ప్రవక్తయే నిద్రిస్తున్నారని తృప్తిపడ్డారు. తెల్లవారిన తరువాతగాని పొరపాటు తెలియలేదు. దుప్పటిని చూచినవాడు మనిషిని చూచినట్లు భావించడం నిఘాలోని సహజ బలహీనత.

అంతమంది ఆయుధపాణులు తలుపు పగులగొట్టి లోనికి ఎందుకు పోలేదు? ఇబ్న్ హిషామ్ సీరాకు వ్యాఖ్యానం వ్రాసిన సుహైలీ (మరణం క్రీ.శ. 1185) ఉటంకించిన ఒక కథనం దీనికి సమాధానం చెబుతున్నది. గోడ ఎక్కబోయినప్పుడు లోపలినుండి స్త్రీ కేక వినబడినదట. పినతండ్రి కుమార్తెలు ఉన్న ఇంటి గోడ దూకారన్న అపవాదుకు సిగ్గుపడి వారు ఆగిపోయారట. హత్యకు వెనుదీయనివారు సైతం ఇంటి మర్యాదకు వెనుదీశారన్నమాట. ఆ మర్యాదయే తరువాత ఇస్లాం ధర్మశాస్త్రంలో ఒక నియమమై నిలిచింది.

హజ్రత్ అలీ ఆ రాత్రి తరువాత మూడు దినాలు మక్కాలోనే ఉండి, ప్రజలు ప్రవక్త వద్ద దాచుకొన్న సొమ్మును ఎవరిది వారికి అప్పగించారు. చంపజూచిన ఊరివారి అమానతులను కూడా తిరిగి ఇచ్చిన తరువాతనే ఆయన ఊరు విడిచారు.

సౌర్ గుహ

ఇబ్న్ ఇస్‌హాఖ్ ప్రకారం ప్రవక్త, అబూబక్ర్ ఇద్దరూ అబూబక్ర్ ఇంటి వెనుకనున్న చిన్న ద్వారం గుండా బయలుదేరారు. యస్రిబ్ మక్కాకు ఉత్తరాన ఉన్నది. వారు దక్షిణంగా సౌర్ కొండకు వెళ్ళి అక్కడి గుహలో మూడు రాత్రులు గడిపారు. వెదికేవారి ఉత్సాహం మొదటి దినాలలోనే ఎక్కువగా ఉంటుంది. ఆ దినాలను కదలకుండా, ఎదురుదిక్కున గడిపారు.

ఈ మూడు దినాల ఏర్పాటు శ్రద్ధగా పరిశీలింపదగినది. అబూబక్ర్ కుమారుడు అబ్దుల్లా, చురుకైన యువకుడు, పగలంతా మక్కాలో ఖురైషీయుల మధ్య తిరిగి వారి ఆలోచనలు విని, చీకటి పడగానే గుహకు వచ్చి చెప్పేవాడు. తెల్లవారకముందే ఊరు చేరి, రాత్రి అక్కడే నిద్రించినవానివలె కనబడేవాడు. అబూబక్ర్ విముక్తి చేసిన ఆమిర్ ఇబ్న్ ఫుహైరా గొర్రెలను మేపుతూ సాయంత్రం గుహ వద్దకు తోలుకొనివచ్చి పాలు అందించేవాడు. అబ్దుల్లా తిరిగి పోయిన దారినే మందను నడిపించి అతని అడుగుజాడలు చెరిపివేసేవాడు. ఇసుకలో జాడ చదువుట అరబ్బులకు ఒక విద్య. అందుకు విరుగుడు ప్రతిదినం ఆ దారిన పోయే గొర్రెలమందయే. ఎవరూ కొత్త పని ఏదీ చేయలేదు. కాపరి కాపరిగానే ఉన్నాడు, ఊరి యువకుడు ఊరిలోనే కనబడ్డాడు.

హజ్రత్ అస్మా (ర) ప్రయాణపు ఆహారాన్ని కట్టుటకు తాడు లేక తన నడికట్టును చించి వాడారు. అందుచేత ఆమెకు 'రెండు నడికట్టుల ఆమె' అన్న గౌరవనామం వచ్చింది. అబూజహల్ వచ్చి తండ్రి ఎక్కడని అడిగినప్పుడు ఆమె చెప్పలేదు. అతడు చెంపపై కొట్టిన దెబ్బకు ఆమె చెవిపోగు ఊడి పడింది. ఈ యోచనకు మూల్యం చెల్లించినవారిలో ఆమె ఒకరు.

ఇంత ఏర్పాటు చేసినా వెదికేవారు గుహ ముఖం వరకు రానే వచ్చారు. వారు తమ పాదాలవైపు చూచుకొంటే మనలను చూస్తారని అబూబక్ర్ ఆందోళన చెందగా, దైవం తోడున్నాడని ప్రవక్త ధైర్యం చెప్పారు. ఖుర్ఆన్ 9వ సూరా 40వ ఆయతులో ఈ ఘట్టం ప్రస్తావింపబడింది. సాలెగూడు, పావురాల కథ ప్రజలలో మిక్కిలి ప్రచారం పొందినది గాని, బుఖారీ హిజ్రత్ వృత్తాంతంలో అది లేదు. మానవుడు చేయగలిగినదంతా చేసిన తరువాత దైవంపై భారం వేయుటయే తవక్కుల్ అన్న భావం ఇక్కడ స్పష్టమౌతున్నది.

దారిలో

మూడు రాత్రుల తరువాత అబ్దుల్లా ఇబ్న్ ఉరైఖిత్ అన్న మార్గదర్శి ముందుగా అప్పగించిన ఒంటెలను తెచ్చాడు. అతడు ముస్లిం కాడు, ఖురైషీయుల మతస్థుడే. నమ్మదగినవాడా, దారి తెలిసినవాడా అన్నదే చూచారు. అతడు వారిని అలవాటైన బాటను విడిచి సముద్రతీరపు దిక్కుగా నడిపించాడు.

అబూబక్ర్ వ్యాపారరీత్యా దారి పొడవునా పరిచితులు. వెంట ఉన్నదెవరని అడిగినవారికి, తనకు దారి చూపే వ్యక్తి అని బదులిచ్చేవారు. వినువారు ఎడారి దారి అనుకొన్నారు, ఆయన ఉద్దేశించినది ధర్మమార్గం. అసత్యం పలుకకుండా రహస్యం కాపాడుకొనుటకు విద్వాంసులు ఈ మాటను ఉదాహరణగా చూపుతారు.

ఖురైషీయులు వంద ఒంటెల బహుమానం ప్రకటించారు. తీరంలో కొన్ని ఆకారాలు కనబడినవని ఒకడు చెప్పగా, జాడలు చదువుటలో పేరుపొందిన బనూ ముద్‌లిజ్ తెగవాడైన సురాఖా ఇబ్న్ మాలిక్, వారు వేరెవరో అని అతనిని మరపించి, తాను ఒంటరిగా గుర్రమెక్కి వెంటబడ్డాడు. బహుమానం ఆశ చూపినవారి నిఘా ఇట్లే ఉంటుంది. వేగులవాడు తోటి వేగులవానినే మోసగిస్తాడు. గుర్రం పదే పదే తొట్రుపడగా సురాఖా మనసు మార్చుకొని అభయపత్రం కోరాడు. ఆమిర్ ఇబ్న్ ఫుహైరా దానిని తోలుముక్కపై వ్రాసి ఇచ్చాడు. తమ సంగతి గోప్యంగా ఉంచమన్నదే ప్రవక్త అతనిని కోరినది. వెంబడించినవాడే వెనుదిరిగి, ఇతరులను ఆ దిక్కునకు పోకుండా ఆపాడు.

అధికారం వచ్చిన తరువాత

నిఘాకు గురైన సమాజాలు అధికారం పొందిన తరువాత తామే నిఘా పెట్టుట చరిత్రలో సాధారణం. ఖుర్ఆన్ 49వ సూరా 12వ ఆయతు ఇతరుల గుట్టు ఆరా తీయుటను, పరోక్షనిందను నిషేధించింది. 24వ సూరా 27వ ఆయతు అనుమతి పొంది, సలాం చేయనిదే పరుల ఇంట ప్రవేశించరాదని ఆదేశించింది. ప్రజల లోపాలను వెదకబోయే పాలకుడు వారిని చెడగొట్టుతాడన్న భావం గల హదీసు అబూదావూద్ సంకలనంలో కలదు.

యుద్ధవిషయం వేరు. క్రీ.శ. 627లో ఖందక్ యుద్ధ సమయాన ప్రవక్త హజ్రత్ హుజైఫా (ర)ను రాత్రివేళ శత్రుశిబిరానికి పంపారు. ముట్టడించిన సైన్యం కదలికలు తెలిసికొనుట ఆత్మరక్షణ. పొరుగువాని పెరటిలోనికి తొంగిచూచుట ఆత్మరక్షణ కాదు.

హజ్రత్ ఉమర్ (ర) ఒక రాత్రి గోడ ఎక్కి, లోపల మద్యం సేవిస్తున్నవానిని పట్టుకొన్నారనీ, నేను ఒక తప్పు చేస్తే మీరు మూడు చేశారని అతడు ఖుర్ఆన్ ఆదేశాలు చూపగా ఆయన వదలి వెళ్ళారనీ ఒక కథనం ఉన్నది. క్రీ.శ. 1058లో మరణించిన అల్ మావర్దీ తన పాలనాశాస్త్ర గ్రంథంలో, బహిరంగం కాని తప్పులను ముహ్తసిబ్ ఆరా తీయరాదని నిర్ణయించారు. ఒకరి ప్రాణం పోబోతున్నదని నమ్మదగినవాడు చెప్పినప్పుడు మాత్రమే ఆయన మినహాయింపు ఇచ్చారు.

రాజులందరూ ఈ హద్దును పాటించలేదు. బరీద్ అన్న తపాలా వ్యవస్థ ఖలీఫాల చేతిలో వార్తాహర వ్యవస్థగా కూడా మారింది. అలావుద్దీన్ ఖల్జీ కాలంలో ఢిల్లీ ప్రముఖులు గట్టిగా మాట్లాడుటకు భయపడి సైగలతో మాట్లాడుకొనేవారని బరనీ వ్రాశాడు. సల్జూఖ్ సుల్తాన్ అల్ప్ అర్సలాన్ మాత్రం వేగులను నియమించలేదని నిజాముల్ ముల్క్ తెలుపుతాడు. మిత్రులు వేగులకు లంచమివ్వరు, శత్రువులు ఇస్తారు, అప్పుడు మిత్రుల గురించి చెడ్డ వార్తలు, శత్రువుల గురించి మంచి వార్తలు చెవిని పడతాయన్నది సుల్తాను వాదన. నిజాముల్ ముల్క్ స్వయంగా వేగుల నియామకాన్నే సమర్థించాడన్నది కూడా చెప్పవలసి ఉన్నది.

మన దేశంలో

ఈ చర్చ మధ్యయుగంతో ముగియలేదు. ఖరక్ సింగ్ కేసులో (1962) ఉత్తర ప్రదేశ్ పోలీసు నిబంధనలు సుప్రీంకోర్టు ముందుకు వచ్చాయి. ఇంటి వద్ద రహస్యంగా కాపు వేయుట, రాత్రివేళ ఇంటికి వచ్చి తనిఖీ చేయుట, రాకపోకలను కనిపెట్టుట ఆ నిబంధనలలో ఉన్నవి. అధికసంఖ్యాక న్యాయమూర్తులు రాత్రి తనిఖీలను మాత్రమే కొట్టివేశారు. రాజమహేంద్రవరానికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు భిన్నాభిప్రాయం వ్రాశారు. వెంట నీడ ఉన్నవాడు స్వేచ్ఛగా నడువజాలడు గనుక ఆ నిబంధన మొత్తం చెల్లదనీ, ఏకాంతం వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమనీ ఆయన వాదం. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకాంతం ప్రాథమిక హక్కేనని ప్రకటించినప్పుడు, ఆ భిన్నాభిప్రాయంలోని దృష్టియే నిలిచింది.

హజ్రత్ ఉమర్ కాలంలో ముస్లింలు తమ శకాన్ని ప్రవక్త జననం నుండి గాక హిజ్రత్ నుండి లెక్కించారు. ఆ శకం మొదటి సంవత్సరంలో ఒక మాటు వేయబడిన ఇల్లు, ఒక గొర్రెలకాపరి, దెబ్బ తిని కూడా నోరు విప్పని ఒక యువతి ఉన్నారు. ఈ చరిత్రను గౌరవించువారు అన్యాయపు కన్ను నుండి తమ్మును కాపాడుకొనుట ఎంత ధర్మమో, ఆ కన్ను తాము కాకుండుట కూడా అంతే ధర్మమని గుర్తింపవలసి ఉన్నది.