కరువు కట్టించిన వేధశాల

కొడైకెనాల్ వెళ్లినవాళ్లు సరస్సు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, కోకర్స్ వాక్ మీద నాలుగు ఫొటోలు దిగి కొండ దిగిపోతారు. ఊరికి ఎగువన, 2,343 మీటర్ల ఎత్తున, నూటపాతికేళ్లుగా సూర్యుణ్ణి గమనిస్తున్న వేధశాల దాకా వెళ్లేవాళ్లు తక్కువ. రాయలసీమ నుంచి వచ్చినవాళ్లయినా అక్కడ ఓ పూట ఆగాలని నా కోరిక. ఆ కట్టడం పునాదిలో మన కరువుంది.

1876లో వానలు ముఖం చాటేశాయి. బళ్లారి, కర్నూలు, కడప సీమల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. ధాత నామ సంవత్సరంలో వచ్చింది గనుక దాన్ని ధాత కరువన్నారు. సూర్యుడి మీది మచ్చలు సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తరుగుతాయని అప్పటికే తెలుసు. ఆ లెక్కకూ రుతుపవనాలకూ లంకె దొరికితే కరువును ముందే పసిగట్టవచ్చని శాస్త్రవేత్తలు ఆశపడ్డారు. 1792 నుంచి ఉన్న మద్రాసు వేధశాల ఈ పనికి చాలదు. తేటగా ఉండే కొండగాలి కావాలి. ఖగోళజ్ఞుడు మిచీ స్మిత్ నీలగిరులూ పళని కొండలూ తిరిగి చూసి కొడైకెనాల్‌ను ఎంచాడు. 1895లో గవర్నర్ వెన్లాక్ శంకుస్థాపన చేశాడు. 1899లో వేధశాల ఏర్పడింది.

దానికి లోకంలో పేరు తెచ్చినవాడు జాన్ ఎవర్‌షెడ్. మచ్చల్లో వాయువులు సుడి తిరుగుతాయేమోనన్న ఊహ అప్పట్లో ప్రచారంలో ఉండేది. 1909 జనవరిలో ఆయన మచ్చ అంచుల వర్ణపటాన్ని పరీక్షిస్తే గీతలు మరో సంగతి చెప్పాయి. వాయువు సుడి తిరగడం లేదు. నడుమనున్న నల్లటి భాగం నుంచి చుట్టూ అంచుల వైపు పారుతోంది. దాన్నే నేటికీ ఎవర్‌షెడ్ ప్రభావమంటారు. ఆయన భార్య మేరీ కూడా ఖగోళజ్ఞురాలే. సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను ఇక్కడి ఫొటోల్లోనే శ్రద్ధగా అధ్యయనం చేసింది. ఆమెను తలచుకునేవాళ్లు లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

1937లో ఈ కొండకు తొలి భారతీయ డైరెక్టరుగా వచ్చినాయన మన తెలుగువాడు, ఏ.ఎల్. నారాయణ్. విజయనగరం మహారాజా కళాశాలలో వర్ణపటాల మీద పరిశోధన చేస్తూ శిష్యులను తయారుచేశాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రాన్ని నిలబెట్టిన రంగధామరావు వాళ్లలో ఒకరు. ఒక జమీందారీ పట్టణపు ప్రయోగశాల నుంచి సూర్యుడి దాకా సాగిన ఆ దారి మన బడిపిల్లల పాఠంలో ఉండాల్సింది.

తర్వాత వచ్చిన ఏ.కె. దాస్ హయాంలో సొరంగ టెలిస్కోపుకు రూపం వచ్చింది. సందర్శకులు తప్పక చూడాల్సింది ఇదే. బురుజు మీది అద్దాలు ఎండను పట్టి 60 మీటర్ల సొరంగంలోకి మళ్లిస్తాయి. కటకం గుండా వెళ్లిన ఆ వెలుగు చివర 34 సెంటీమీటర్ల సూర్యబింబమవుతుంది. పళ్లెమంత సూర్యుడు, మీద మచ్చలతో సహా, కళ్లెదుట! 1960లో పగ్గాలు చేపట్టిన వేణు బాపు హైదరాబాదులో పెరిగినవాడు. నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రి దగ్గరే ఆయనకు ఆకాశం పరిచయమైంది. నక్షత్రాలను చూడటానికి కావలూరులో కొత్త చోటు వెతికింది ఆయనే.

మచ్చలను చూసి వాన జాడ చెప్పడం మాత్రం కుదరలేదు. కానీ ఆ ఆశతో మొదలైన దినచర్య ఆగలేదు. ఎండ ముదిరితే గాలి అదురుతుంది, మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతుంది. అందుకే పొద్దున్నే సూర్యుడి ఫొటో తీయాలి. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ల నుంచి గాజు పలకల మీదా, ఆపై ఫిల్ముల మీదా పోగైన ఆ ఫొటోలను ఇప్పుడు కంప్యూటర్లలోకి ఎక్కించారు. వందేళ్ల కిందటి ఒకానొక ఉదయం సూర్యుడి మీద ఎన్ని మచ్చలున్నాయో తెలుసుకోవాలనుకున్న పరిశోధకుడు, ఆ పూట కొడైకెనాల్‌లో మబ్బు పట్టకపోయి ఉంటే, ఈనాటికీ లెక్కపెట్టుకోవచ్చు.