చక్రాల మీద ఇల్లు – దాని కట్టుబడి కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించినది ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను కాకతీయుల గురించో, కాటన్ దొరగారి గురించో రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. వాటి మీద రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. నేను రాయబోయేది ఇంగ్లండులో కారు వెనుక తగిలించుకొని ఊరూరా లాక్కుపోయే ఇంటి గురించి. మా అబ్బాయి ఉద్యోగరీత్యా అక్కడ ఉండటం వల్ల మా దంపతులం రెండు పర్యాయాలు వెళ్ళి వచ్చాము. మన సభ్యుల్లో చాలామంది పిల్లలు ఆ దేశాల్లోనే ఉన్నారు. అక్కడ ఇళ్ళ ముందు నిలిపి ఉన్న తెల్లని డబ్బాల వంటి బండ్లను చూసి ఇవేమిటని మీరూ అనుకొనే ఉంటారు.

వాటిని కారవాన్ అంటారు. మన దగ్గర సినిమా షూటింగుల్లో నటులు కూర్చునే వాహనానికి ఆ పేరు వాడుతున్నారు గాని అది వేరు. దానికి ఇంజను ఉంటుంది. నేను చెప్పేదానికి ఇంజను లేదు. ఎడ్లు లేని గూడుబండి అనుకోండి. లోపల పడక, పొయ్యి, చిన్న ఫ్రిజ్, స్నానాల గది, మరుగుదొడ్డి అన్నీ ఉంటాయి. కొత్తది కొనాలంటే 20 వేల పౌన్ల నుంచి 40 వేలు దాటే దాకా ఉంటుంది. అంటే మన లెక్కలో చిన్నది కూడా 20 లక్షల పైమాటే. కొనేవారిలో చాలామంది మనవంటి విశ్రాంత ఉద్యోగులు. పదవీ విరమణ నాడు చేతికొచ్చిన మొత్తంలో పెద్ద భాగం దీనిలో పెడతారు. అందువల్ల ఆ బండి గట్టిగా కట్టారా లేదా అన్నది వారికి వినోదం సంగతి కాదు.

నేను పనిచేసింది ఇంజనీరింగు శాఖలో, గుమాస్తాగా. ఇంజనీరును కాను. అయినా ముప్పయ్యేళ్ళకు పైగా కొలతల పుస్తకాలు, కంట్రాక్టర్ల బిల్లులు నా బల్ల మీదుగా వెళ్ళాయి. ఆ శాఖలో చేసినవారికి ఒక నియమం తెలుసు. కప్పడిపోయే పనిని కప్పకముందే కొలిచి పుస్తకంలో ఎక్కించాలి. పునాది పూడ్చాక, గోడకు పూత పూశాక లోపలి సంగతి ఎవడికీ తెలియదు. కారవాన్ అనేది ఎప్పుడూ పూత పూసిన తరువాతే కొనుగోలుదారు కంటబడే కట్టడం. దాని చరిత్ర అంతా ఆ పూత వెనుకే ఉంది.

విహారం కోసమే ప్రత్యేకంగా కట్టించిన మొదటి కారవాన్‌గా చెప్పుకొనేది 1885 నాటి ‘వాండరర్’. గార్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండు డాక్టరు, బ్రిటిష్ నౌకాదళంలో వైద్యుడుగా పనిచేసి తరువాత పిల్లల సాహస కథలు రాసి పేరు తెచ్చుకొన్నవాడు, దానిని బ్రిస్టల్ వ్యాగన్ కంపెనీ చేత చేయించుకొన్నాడు. ఆ కంపెనీ రైలు పెట్టెలు కట్టే కంపెనీ. కనుక ఇది కూడా రైలు పెట్టె తీరులోనే మంచి కలపతో తయారైంది. సామానుతో కలిపి దాదాపు రెండు టన్నుల బరువు. రెండు గుర్రాలు లాగాలి. ఆయన ఒక బండివాణ్ణీ, ఒక నౌకరునూ, కుక్కనూ, చిలుకనూ వెంటపెట్టుకొని ఆ ఏటనే ఇంగ్లండు దక్షిణం నుంచి స్కాట్లండులోని ఇన్వర్‌నెస్ దాకా సుమారు 1300 మైళ్ళు వెళ్ళాడు. ఎదురుగా వచ్చేవారిని హెచ్చరించడానికి నౌకరు మూడు చక్రాల సైకిలు మీద ముందు నడిచేవాడు. మన జమీందార్ల మేనాల ముందు పరుగెత్తే బంట్రోతులు గుర్తుకొస్తారు. ఆ బండి నేటికీ భద్రంగా ఉంది. 140 ఏళ్ళు నిలిచిన కట్టుబడి! అయితే అది డబ్బున్న దొర బండి. బరువుకు జంకలేదు, ఖర్చుకు జంకలేదు.

కారు వచ్చాక లెక్క మారింది. గుర్రం మెల్లగానైనా బరువు లాగుతుంది. ఆనాటి చిన్న కారు రెండు టన్నులు లాగలేదు. 1919లో బర్మింగ్‌హామ్‌లో ఎకల్స్ అనే సంస్థను రైలీ అనే తండ్రీకొడుకులు తీసుకొని కారు వెనుక లాగే కారవాన్లను కట్టడం మొదలుపెట్టారు. సన్నని కలప చట్రం, దాని మీద పలుచని పలకలు. అప్పటి బండ్లకు కప్పు మీద మరో చిన్న కప్పు ఉండేది. పాత రైలు పెట్టెల్లో వెలుతురుకు పెట్టినటువంటిదే. చూడటానికి అందం. కాని కప్పు మీద అన్ని మూలలూ, అన్ని అతుకులూ పెట్టి, రోజూ చినుకులు పడే దేశంలో తిప్పడం ఏమి తెలివో నాకు బోధపడలేదు.

జర్మనీలో కథ మరో రకం. కొరడాలు, మంచు మీద జారేవారి చేతికర్రలు తయారుచేసే కుటుంబానికి చెందిన అరిస్ట్ డెత్‌లెఫ్స్, వ్యాపారం మీద ఊళ్ళు తిరుగుతూ భార్యను ఎడబాసి ఉండలేక 1931లో ఒక చక్రాల ఇల్లు కట్టుకొన్నాడు. ఆమె చిత్రకారిణి. అదే పరిశ్రమ అయి కూర్చుంది. యుద్ధం తరువాత అక్కడే ఎరిక్ బాకెమ్ అనే విమాన ఇంజనీరు, యుద్ధకాలంలో నిట్టనిలువుగా లేచే రాకెట్ విమానాన్ని రూపొందించినవాడు, ఎర్విన్ హైమర్‌తో కలిసి 1950ల చివర్లో ‘ఎరిబా’ బండ్లు తెచ్చాడు. కలపకు బదులు ఉక్కు గొట్టాల చట్రం. నిలిచినప్పుడు కప్పు పైకి లేపుకోవచ్చు, నడిచేటప్పుడు దించుకోవచ్చు. అమెరికాలో వాలీ బయామ్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. 1936లో వచ్చిన ఆయన ‘ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్’ విమానంలాగా అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించిన గుండ్రని గుల్ల. 1969లో చంద్రుడి మీద నుంచి తిరిగివచ్చిన వ్యోమగాములను అంటురోగ భయంతో విడిగా ఉంచారని మనమంతా పత్రికల్లో చదివాము. వారిని ఉంచినది మార్పులు చేసిన ఎయిర్‌స్ట్రీమ్ బండిలోనే.

ఇవన్నీ గొప్పవే. కాని సామాన్యుడికి అందలేదు. అందించినవాడు ఇంగ్లండులో శామ్ ఆల్పర్. 1949లో ఆయన తెచ్చిన ‘స్ప్రైట్’ ధర 199 పౌన్లు. ఆర్భాటం లేదు. పడుకోవడానికి, వండుకోవడానికి, కూర్చోవడానికి ఏది అవసరమో అదే ఉండేది. తన బండి మీద జనానికి నమ్మకం కలిగించడానికి దాన్ని కారుకు కట్టుకొని మధ్యధరా సముద్రం చుట్టూ పదివేల మైళ్ళు తిప్పి తెచ్చాడు. నాకు ఈ చరిత్రలో అందరికంటే నచ్చిన మనిషి ఇతనే. ధర తగ్గించాడు, ఏమి తగ్గించాడో దాచలేదు.

ఆ తరువాత దశాబ్దాల్లో బండ్లు పొడుగయ్యాయి, అలంకారాలు పెరిగాయి, కట్టుబడి పద్ధతి మాత్రం చాలాకాలం అదే. సన్నని కలప చట్రం, బయట అల్యూమినియం రేకు, లోపల పలుచని ప్లైవుడ్, మధ్యలో చలి ఆపే పొర. పక్క రేకు, కప్పు రేకు కలిసే మూలలో ఒక అల్యూమినియం పట్టీ పెట్టి మరలు బిగిస్తారు. పట్టీ కింద మాస్టిక్ అనే మెత్తని బంక రాస్తారు. దీనిలోనే ఉంది ప్రమాదం. ఏళ్ళు గడిచేకొద్దీ బంక ఎండి బీటలు వారుతుంది. పైగా ఇది నిలిచి ఉండే ఇల్లు కాదు, గతుకుల్లో ఊగే ఇల్లు. ప్రతి మరా ఒక చిల్లే. నీరు చుక్క చుక్కగా దిగి కలపను కుళ్ళబెడుతుంది. బయట రేకు మెరుస్తూనే ఉంటుంది, లోపల గోడకాగితం పువ్వులు పూస్తూనే ఉంటుంది.

అందుకే అక్కడ ఏటా తేమ పరీక్ష చేయిస్తారు. మీటరుకు ఉన్న రెండు సూదులు గోడకు ఆనిస్తే అంకె వస్తుంది. 15 శాతం లోపుంటే భయం లేదు. 20 దాటితే వెతకాలి. 30 దాటిందంటే కలప పోయినట్టే.

1980 ప్రాంతాల్లో రెండు మార్పులు వచ్చాయి. చక్రాల కింది చాసిస్ రంగు పూసిన బరువైన ఉక్కు బదులు, గాల్వనైజ్ చేసిన తేలిక ఉక్కుతో రావడం ఒకటి. ఇది నిజమైన మేలు. రెండవది, గోడను చట్రంగా కాక పొరలుగా అంటించడం. బయట రేకు, మధ్య థర్మోకోల్ వంటి పలక, లోపల ప్లైవుడ్, మూడింటినీ జిగురుతో ఒకటిగా నొక్కేస్తారు. తేలిక, గట్టి, చలికి మేలు. నేల కూడా ఇలాగే. కాని జిగురు విడిచిందంటే నేల అడుగు కింద మెత్తగా కుంగి కిర్రుమంటుంది. మా అబ్బాయి నన్నొక అమ్మకందారు ఆవరణకు తీసుకువెళ్ళాడు. కొత్త బండ్లలో జనం తలపైకెత్తి దీపాలు చూస్తున్నారు, పరుపులు నొక్కి చూస్తున్నారు. నేల మీద మడమతో తట్టి చూసినవాడు నాకు ఒక్కడూ కనబడలేదు.

కలపతోనే పేచీ కనుక కలపనే తీసేద్దామన్న ఆలోచన ఈ శతాబ్దంలో ఊపందుకొంది. 2009లో బెయిలీ సంస్థ అల్యూమినియం చట్రంలో గోడ పలకలను లోపలి వైపు నుంచి బిగించే పద్ధతి తెచ్చింది. బయటి నుంచి కొట్టే మరలు బాగా తగ్గాయి. మరికొద్ది ఏళ్ళకు స్విఫ్ట్ సంస్థ కూడా కలప లేని చట్రానికి మారింది. బెయిలీ వారిది బ్రిస్టల్ నగరమే. వాండరర్ పుట్టిన ఊరే మళ్ళీ ఈ పని చేసింది.

మరి కొత్త బండ్లలో లోపమే లేదా అంటే, బరువు ఇంకా వెంటాడుతూనే ఉంది. కారు లాగగల బరువుకు హద్దుంది. జనం ఫ్రిజ్ కావాలి, ఓవెన్ కావాలి, కదలని మంచం కావాలి అంటారు. అవన్నీ ఇస్తూ బరువు పెరగకుండా ఉండాలంటే బీరువా తలుపులు పలుచనవుతాయి, కీళ్ళ మరలు పట్టుదొరకని పలకలో దిగుతాయి. చాలా బండ్లలో మన సామానుకు మిగిలేది 150 కిలోల చుట్టుపక్కలే. అందులోనే గ్యాసు సిలిండరు, బ్యాటరీ, బయట వేసుకొనే పందిరి గుడ్డ. వాటి తరువాత బట్టలకూ బియ్యానికీ మిగిలేది ఎంతో లెక్క చూసుకోండి.

సామాను సర్దడంలో ఉన్న సంగతి మాత్రం మన పల్లెలో బండి తోలిన ఎవరికైనా తెలిసినదే. ముందు బరువెక్కువైతే ఎడ్ల మెడలు నొచ్చుతాయి. వెనుక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. కారవాన్ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం కారు కొక్కెం మీద పడాలని అక్కడివారి లెక్క. అది తగ్గి ముందుభాగం తేలిపోతే వేగంలో బండి పాములా మెలికలు తిరిగి కారును కూడా తిప్పేస్తుంది. మా నాయన బండిలో వడ్ల బస్తాలు వేయించేటప్పుడు నొగ పట్టుకొని ఒకసారి ఎత్తి చూసేవాడు. ఈ శాతాలు ఆయన చేతిలో ఉండేవి.

లోపలి అమరిక గురించి నా అభిప్రాయం కొంత వేరు. పాతవాటిలో ఎదురెదురుగా రెండు పొడుగాటి సోఫాలుండేవి, రాత్రి వాటినే పడక చేసుకొనేవారు. ఇప్పుడు మధ్యలో పెద్ద మంచం, వెనుక అద్దాల స్నానాల గది. ప్రదర్శనలో చూడముచ్చటగా ఉంటుంది. కాని పగలు వాన పట్టిందంటే నలుగురు కూర్చోవడానికి చోటు లేదు. మా ఆవిడ ఒక్క మాటలో తేల్చింది. గట్టు లేదు, పోపు గింజల డబ్బా ఎక్కడ పెట్టాలంది. అర్ధరాత్రి భార్యను దాటకుండా మరుగుదొడ్డికి వెళ్ళే దారి ఉందా, వాకిలి మెట్టు ఎత్తెంత, పట్టుకోవడానికి కమ్మీ ఉందా అని డెబ్బై దాటినవాడు చూడాలి. గీసినవారు ఇరవై అయిదేళ్ళవారేమో అనిపించిన బండ్లు కొన్ని చూశాను.

మా అబ్బాయి ఇంటి పక్కన ఒక వృద్ధ దంపతులున్నారు. ఆయన కూడా మనలాగే కార్యాలయ గుమాస్తాగా చేసి దిగినవాడు. చేతికొచ్చిన డబ్బుతో కొత్త కారవాన్ కొన్నారు. ఏ సంస్థదో ఇక్కడ అనవసరం. నీరు దిగితే పదేళ్ళు మాదీ పూచీ అన్నారు. ఏటా గడువులోగా సర్వీసు చేయించి పుస్తకంలో ముద్ర వేయించాలన్నది షరతు. నాలుగో ఏట ముందు మూలలో గోడ మెత్తబడింది. వేలితో నొక్కితే లోపలికి పోయింది. మీటరు 30 దాటింది. పుస్తకం తీసి చూస్తే రెండో ఏటి ముద్ర రెండు నెలలు ఆలస్యం. ఆ రెండు నెలలూ ఆయన గుండె ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ కాగితాలు జతపరిచి రాసినా పూచీ చెల్లదన్నారు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం ఆలస్యమై పింఛను ఆగిన మన మిత్రులకు ఆ మనిషి ముఖం ఎలా ఉండి ఉంటుందో నేను వర్ణించనక్కరలేదు. మనకు సర్టిఫికెట్ ఇస్తే ఆగిన బకాయి వస్తుంది. ఆయనకు రాలేదు. కొన్న ధరలో మూడో వంతుకు కూడా తక్కువకు ఆ బండిని వదిలించుకొన్నారు.

రెండోసారి మేము వెళ్ళేసరికి వాళ్ళింటి ముందు మరో కారవాన్ నిలిచి ఉంది. ఆరేళ్ళ పాతది, చిన్నది, సోఫాల రకం. కొనడానికి వెళ్ళినప్పుడు ఆయన ముందు సర్వీసు పుస్తకం అడిగి ముద్రల తేదీలు వరుసగా చూశాడట. ఆమె దీపాలు చూడలేదు, పరుపులు చూడలేదు. ముందు మూలలో సోఫా కింది పెట్టె మూత ఎత్తి, తల లోపలికి పెట్టి వాసన చూసింది. తరువాత అరచెయ్యి గోడ అడుగుకు ఆనించి కాసేపు అలాగే ఉంచి, పొడిగా ఉందని భర్తకు చెప్పింది.