ఖాతాలో మా పేరు

అసలు, బాకీ, జమ, వసూలు, కిస్తు, వాయిదా, జామీను, జప్తు, తకావి. తెలుగునాట అప్పు గురించి మాట్లాడే ప్రతి నోటా ఈ మాటలుంటాయి. ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చినవే. వడ్డీ మాత్రం సంస్కృతంలోని 'వృద్ధి' నుంచి వచ్చింది. అంటే అసలు మా మాట, వడ్డీ మా మాట కాదు. ఇందరి లెక్కల పుస్తకాల్లో మా మాటలున్నాయి. మా పేర్లు మాత్రం లేవు. ఎందుకు లేవో బుక్కపట్నం నుంచి అడుగుతున్నాం.

తెలుగులో పరపతి అంటే పలుకుబడి. పరపతి అంటే అప్పు పుట్టే శక్తి కూడా. రెంటికీ ఒకే మాట ఊరికే రాలేదు. బుక్కరాయల పేరు పెట్టుకున్న ఈ ఊళ్లో, చిత్రావతి నీళ్లతో నిండే చెరువు కింద మడి ఉన్నవాడికి పరపతి ఉంది. దూది ఏకేవాడికి, కళాయి వేసేవాడికి, జట్కా తోలేవాడికి, గాజుల మలారం మోసే ఆడమనిషికి అది ఎక్కణ్ణుంచి వస్తుంది?

1799లో టిప్పు పడిపోయాడు. మైసూరు నుంచి దక్కిన సీమను నిజాం 1800లో కుంపిణీకి ధారపోశాడు. కొలువుల మీద బతికిన కుటుంబాలకు కొలువులు పోయాయి. కలెక్టరుగా వచ్చిన మన్రో 1807 దాకా ఉండి రైతువారీ పద్ధతి నిలబెట్టాడు. ప్రతి రైతుకూ పట్టా, ప్రతి పట్టాకూ లెక్క. శిస్తు నగదుగా కట్టాలి. పట్టా ఉన్నవాడి పేరు సర్కారు పుస్తకానికెక్కింది. చేతిపని మాత్రమే ఉన్నవాడి పేరు ఎక్కలేదు. 1876-78 నాటి ధాత కరువు సీమను ఊడ్చేశాక, 1883లో, 1884లో సర్కారు అప్పుల చట్టాలొచ్చాయి. ఆ తకావి రైతుకోసం, భూమికోసం. 1904లో సహకార పరపతి సంఘాల చట్టమొచ్చింది. అక్కడా పూచీ అడిగారు. 'సాయిబూ, నీకు పూచీ ఎవరబ్బా?' అన్న ప్రశ్న అప్పట్నుంచీ మా వెంటే నడుస్తోంది.

అలాగని మేం అప్పు లేకుండా బతికామా? లేదు. షావుకారు దగ్గర నూటికి మూడు రూపాయలకు తెచ్చాం. అంటే ఏడాదికి 36 శాతం. రోజు ఫైనాన్స్ వాడు తొమ్మిది వందలు చేతిలో పెట్టి వెయ్యి రాసుకుంటాడు. రోజుకు పది చొప్పున వంద రోజులు వసూలు చేస్తాడు. లెక్క కడితే ఏడాదికి 80 శాతం దాకా తేలుతుంది. ఒక్క రోజు తప్పకుండా కట్టినవాళ్లు మాలో ఎందరో. కానీ ఆ నిజాయితీ ఏ పుస్తకంలోనూ జమ కాలేదు. షావుకారు నోటుబుక్కు షావుకారుదే. బాకీ తీరగానే ఆ కాగితం చించేస్తాడు. దాంతో మా మంచితనమూ చిరిగిపోతుంది.

1969 జూలైలో 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. 1979లో శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు పుట్టింది. 2006లో అది ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో, 2025లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డులు మారాయి. ఇంట్లో దక్కనీ మాట్లాడి, బజార్లో తెలుగు మాట్లాడే మా ముందుకు ఇంగ్లీషు ఫారం వచ్చి నిలబడింది. 1985లో రాష్ట్ర మైనారిటీల ఆర్థిక సంస్థ, 1994లో జాతీయ సంస్థ వచ్చాయి. సబ్సిడీ వాళ్లిస్తామన్నా, చాలా పథకాల్లో అప్పుకు బ్యాంకు ఒప్పుకోవాలి. బ్యాంకు మళ్లీ పూచీ అడుగుతుంది. 2006 నవంబరులో సచార్ కమిటీ ఈ సంగతే అంకెల్లో చెప్పింది. ప్రాధాన్య రంగాల ఖాతాదారుల్లో ముస్లింలు సుమారు 12 శాతం, అప్పు మొత్తంలో వాళ్ల వాటా 5 శాతానికి లోపు. కొన్ని బ్యాంకులు కొన్ని పేటలను 'నెగెటివ్' జోన్లుగా గుర్తుపెట్టుకుంటాయనీ, వాటిలో ముస్లింలు ఎక్కువగా ఉండే చోట్లు ఉండొచ్చనీ కూడా చెప్పింది.

ఇప్పుడు పూచీ అడిగే పని కంప్యూటర్ చేస్తోంది. 2000లో సిబిల్ ఏర్పడింది, 2005లో చట్టమొచ్చింది. ఇవాళ అలాంటి సంస్థలు నాలుగున్నాయి. మనిషి అప్పు నడతకు 300 నుంచి 900 దాకా మార్కులేస్తారు. అప్పే తీసుకోనివాడికి మార్కు ఉండదు, ఎన్‌హెచ్ అన్న రెండక్షరాలు రావచ్చు. నో హిస్టరీ. చరిత్ర లేదు! ఏడు తరాలు ఇక్కడే పుట్టి ఇక్కడే మట్టయినవాళ్లకు ఈ మాట కొత్తేమీ కాదు. పాఠ్యపుస్తకాల్లో విన్నదే బ్యాంకు కౌంటర్ దగ్గరా వింటున్నాం.

చరిత్ర లేదన్నవాడికి చరిత్ర రాసి చూపించాలి. అయితే ఎలా?

ముందు మాలో మేం తేల్చుకోవాల్సింది ఒకటుంది. వడ్డీ హరామ్ అని చెప్పి బ్యాంకు గడప తొక్కనివాళ్లే, ఆసుపత్రి ఖర్చొస్తే నూటికి ఐదుకు తెస్తున్నారు. ఈ రెండు నాల్కల ధర్మం పేదవాడినే ముంచుతోంది. ఖురాన్‌లోకెల్లా పొడవైన ఆయత్, బఖరా సూరాలోని 282వది, అప్పు గురించే. వాయిదా పెట్టుకున్న అప్పును రాసుకోవాలి, రాసేవాడు న్యాయంగా రాయాలి, సాక్షులుండాలి అన్నది దాని సారం. రాతపూర్వకమైన లెక్క మాకు పరాయిది ఎలా అవుతుంది? వడ్డీ వద్దనుకునేవాళ్లకు హైదరాబాద్‌లో 1966 నుంచీ తూర్ బైతుల్‌మాల్ లాంటి వడ్డీలేని అప్పు సంఘాల దారి ఉంది. కానీ 'హలాల్' అన్న బోర్డు చూసి లెక్క అడగడం మానేస్తే ఏమవుతుందో, హిందూపురానికి కూతవేటులో ఉన్న బెంగళూరులో 2019 జూన్‌లో చూశాం. ఐఎంఏ యజమాని దేశం దాటాడు. వేలమంది ముస్లిం కుటుంబాలు పోలీసుల ముందు బారులు తీరాయి. పేరు మనదైనంత మాత్రాన లెక్క మనది కాదు.

ఇంకో గుంటా తెలిసిందే. సూక్ష్మరుణ సంస్థలు ఆడవాళ్లను గుంపులు కట్టి ఒకరికొకరిని జామీను చేశాయి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయించాయి. వసూళ్ల వేధింపులకు ప్రాణాలు పోయాక, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సొచ్చింది. ఇప్పుడు ఆ వేధింపు సెల్‌ఫోన్ లోన్ యాప్‌లలోకి దూరింది.

కాబట్టి మెట్టు మెట్టుగా ఎక్కాలి. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకం అలాంటి మెట్లదే. తోపుడుబండివాడికి పూచీ లేకుండా మొదట 10 వేలు, కట్టాక 20 వేలు, అదీ కట్టాక 50 వేలు. 2025లో మొదటి రెండు మెట్లను 15 వేలకు, 25 వేలకు పెంచారు. చేసిన చిన్న అప్పు తీర్చడమే పెద్ద అప్పుకు పూచీ. పండ్ల బండివాళ్లు, పాతసామాను వాళ్లు మునిసిపాలిటీ గుర్తింపు కార్డు పట్టుకుని అడగాల్సింది దీన్నే. కొడుకు పేరు మీదో, మొగుడి పేరు మీదో కాకుండా, ఆడవాళ్లు తమ సొంత పేరుతో ఖాతా తెరవాలి. నగ తాకట్టు తప్పదంటే వీధి కొట్టులో కాదు, బ్యాంకులో పెట్టాలి. వాయిదా రోజుకు రెండు రోజుల ముందే కట్టాలి. క్రెడిట్ కార్డు చేతికొస్తే, గడువులోగా మొత్తం కడితే కొన్నవాటి మీద వడ్డీ పడదు. కనీస మొత్తమే కడితే మిగిలినదాని మీద పడే వడ్డీ షావుకారును మరిపిస్తుంది. మొహమాటానికి జామీను సంతకం పెట్టొద్దు. వాడు ఎగ్గొడితే మచ్చ మన పేరుకే. అప్పు తీరాక బాకీ లేదన్న కాగితం రాయించుకోవాలి. కొంత మాఫీ చేసి 'సెటిల్' చేస్తామంటే సంబరపడొద్దు. ఆ మాట ఏళ్ల తరబడి మన లెక్కలో నిలిచిపోతుంది.

ఆ లెక్కను చూసే హక్కు మనది. 2017 నుంచీ నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తప్పుంటే ఫిర్యాదు చేయొచ్చు. 30 రోజుల్లో తేల్చకపోతే, ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. మార్కులు పెంచిపెడతానని డబ్బడిగే దళారీకి పైసా ఇవ్వొద్దు.

ఇదంతా మా వంతు. మరి బ్యాంకు వంతు? నిజాయితీగా కట్టినవాడి పేట పేరు చూసి కాగితం పక్కన పెడితే, మేం ఎన్ని మెట్లెక్కినా పైతలుపు మూసే ఉంటుంది. ఏ పేటకు ఎంత అప్పిచ్చారో, ఎన్ని దరఖాస్తులు ఎందుకు తిప్పికొట్టారో లెక్క బయటపెట్టమని అడుగుతున్నాం. దయ అడగడం లేదు, మాఫీ అడగడం లేదు. మా కిస్తు మేం కడతాం. కట్టినట్టు మా పేరు మీద జమ రాయండి.