యేల్ రెపర్టరీ థియేటర్

యేల్ రెపర్టరీ థియేటర్ అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, న్యూహేవెన్ నగరంలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన వృత్తి నాటక సంస్థ. విశ్వవిద్యాలయపు నాటక విద్యాలయానికి డీన్‌గా వచ్చిన రాబర్ట్ బ్రూస్టీన్ 1966లో దీన్ని నెలకొల్పాడు. వాడుకలో యేల్ రెప్ అనిపించుకునే ఈ సంస్థ విద్యార్థుల సాంస్కృతిక బృందం కాదు. జీతం తీసుకుని, నటుల కార్మిక సంఘం నిబంధనల ప్రకారం పనిచేసే కళాకారులు టికెట్ కొని వచ్చే ప్రేక్షకుల కోసం ఇక్కడ నాటకాలు ఆడతారు. నాటక విద్యాలయంలో చదివేవారు వారి పక్కనే నటులుగా, రంగాలంకరణ, దుస్తులు, దీపాల రూపకర్తలుగా, ప్రదర్శన నిర్వాహకులుగా బాధ్యతలు మోస్తారు. వైద్య కళాశాలకు బోధనాసుపత్రి ఎలాంటిదో ఈ విద్యాలయానికి యేల్ రెప్ అలాంటిది. విద్యాలయపు డీనే సంస్థకు ఆర్టిస్టిక్ డైరెక్టర్‌గా, అంటే ఏ నాటకం ఆడాలో, ఎవరి చేతిలో పెట్టాలో నిర్ణయించే వ్యక్తిగా ఉండటం ఆ బంధాన్ని గట్టిపరిచిన ఏర్పాటు.

రెపర్టరీ అంటే ఒక బృందం నిత్యం సిద్ధంగా ఉంచుకుని మార్చి మార్చి ఆడే నాటకాల సముదాయం. ఒకే బృందం ఒక రాత్రి ఒక నాటకం, మరుసటి రాత్రి మరొకటి ఆడే సురభి సంప్రదాయం తెలుగువారికి పరిచితమైన రెపర్టరీ పద్ధతే. యేల్ రెప్‌లో మాత్రం కాలక్రమంలో ఒక్కో నాటకాన్ని కొన్ని వారాలపాటు ఆడి, దాన్ని ముగించాక తర్వాతి దాన్ని ఎత్తుకునే పద్ధతి స్థిరపడింది.

యేల్‌లో నాటక శిక్షణ యేల్ రెప్ కంటే పాతది. ఎడ్వర్డ్ హార్క్‌నెస్ విరాళంతో 1924లో నాటక శాఖ ఏర్పడగా, హార్వర్డ్‌లో నాటక రచన బోధించి పేరు పొందిన జార్జ్ పియర్స్ బేకర్ దాని బాధ్యత తీసుకున్నాడు. 1955లో ఆ శాఖ ప్రత్యేక విద్యాలయంగా మారింది. బ్రూస్టీన్ స్వయంగా పేరున్న నాటక విమర్శకుడు, ఆధునిక నాటకకర్తలపై 1964లో వెలువడిన ‘ద థియేటర్ ఆఫ్ రివోల్ట్’ గ్రంథకర్త. బ్రాడ్‌వే, అంటే న్యూయార్క్‌లోని వాణిజ్య రంగశాలల సముదాయం, లాభాపేక్ష వల్ల కొత్త ప్రయోగాలకు చోటివ్వడం లేదన్న అసంతృప్తి ఆయనకు బలంగా ఉండేది. శిక్షణ పొందేవారు తమ కళ్లెదుట గొప్ప ప్రదర్శనలు రూపుదిద్దుకోవడాన్ని చూడాలన్న పట్టుదల, ఈ అసంతృప్తి కలిసి సంస్థ పుట్టుకకు కారణమయ్యాయి.

1968లో సంస్థ చాపెల్, యార్క్ వీధుల కూడలిలో ఉన్న పాత కాల్వరీ బాప్టిస్టు చర్చి భవనాన్ని తన రంగశాలగా చేసుకుంది. అప్పటి ప్రదర్శనలలో సాహసం పాలు ఎక్కువ. 1974లో అరిస్టోఫనీస్ ప్రహసనం ఆధారంగా బర్ట్ షెవెలవ్ రాయగా స్టీఫెన్ సాండ్‌హైమ్ సంగీతం కూర్చిన ‘ద ఫ్రాగ్స్’ను విశ్వవిద్యాలయపు ఈతకొలనులో ప్రదర్శించారు, అందులో బృందగాయకులుగా కనిపించిన విద్యార్థులలో మెరిల్ స్ట్రీప్, సిగోర్నీ వీవర్, తరువాతి కాలపు నాటకకర్త క్రిస్టఫర్ డురాంగ్ ఉన్నారు. విశ్వవిద్యాలయ కొత్త అధ్యక్షుడు బార్ట్‌లెట్ జియామట్టి పదవీకాలాన్ని పొడిగించకపోవడంతో బ్రూస్టీన్ 1979లో యేల్‌ను వదిలి హార్వర్డ్‌కు వెళ్లి, అక్కడ అమెరికన్ రెపర్టరీ థియేటర్‌ను స్థాపించాడు. విశ్వవిద్యాలయపు నీడన వృత్తి నాటకం అన్న ఆలోచన ఆ విధంగా రెండో చోట కూడా వేళ్లూనింది.

ఆయన స్థానంలో వచ్చిన లాయిడ్ రిచర్డ్స్ కాలమే (1979–1991) సంస్థ చరిత్రలో అత్యంత ఫలవంతమైనదని చెప్పవచ్చు. 1959లో బ్రాడ్‌వేపై ‘ఎ రైజిన్ ఇన్ ద సన్’కు దర్శకత్వం వహించిన ఈ నల్లజాతి దర్శకుడు, కనెక్టికట్‌లోనే వాటర్‌ఫర్డ్‌లో జరిగే ఓనీల్ నాటకకర్తల సదస్సుకు కూడా సారథి. ఎంపికైన అముద్రిత నాటకాలను నటులతో చదివించి, రచయిత చేత తిరగరాయించే ఆ సదస్సుకు 1982లో ఆగస్ట్ విల్సన్ అనే కవి ‘మా రేనీస్ బ్లాక్ బాటమ్’ అన్న నాటకంతో వచ్చాడు. 1920ల నాటి షికాగోలో పాటల రికార్డింగు కోసం చేరిన నల్లజాతి సంగీత బృందం ఇతివృత్తంగా గల ఆ నాటకాన్ని రిచర్డ్స్ 1984లో యేల్ రెప్‌లో ప్రదర్శించి, అదే ఏడాది బ్రాడ్‌వేకు తీసుకెళ్లాడు. దాని వెనుక ‘ఫెన్సెస్’ (1985), ‘జో టర్నర్స్ కమ్ అండ్ గాన్’ (1986), ‘ద పియానో లెసన్’ (1987), ‘టూ ట్రైన్స్ రన్నింగ్’ (1990) ఇక్కడే తొలిసారి రంగమెక్కాయి. వాటిలో ‘ఫెన్సెస్’ 1987లో, ‘ద పియానో లెసన్’ 1990లో పులిట్జర్ బహుమతి పొందాయి.

ఈ నాటకాలు తయారైన తీరు సంస్థ విలువను తేటతెల్లం చేస్తుంది. యేల్‌లో తొలి ప్రదర్శన ముగిశాక నాటకం నేరుగా బ్రాడ్‌వేకు పోకుండా, ఇతర నగరాల్లోని లాభాపేక్ష లేని రంగశాలల మీదుగా ప్రయాణించేది. ప్రతి మజిలీలో ప్రేక్షకుల స్పందన గమనించి విల్సన్ సంభాషణలు కుదించేవాడు, ఘట్టాలు మార్చేవాడు. ‘ఫెన్సెస్’ 1985లో ఇక్కడ మొదలై బ్రాడ్‌వే చేరేసరికి 1987 అయింది. పెట్టుబడి వెంటనే తిరిగి రావాలనే నిర్మాత ఇంత ఓపిక పట్టడం కష్టం. తొలి ప్రదర్శన జరిగే చోట నష్టభయం తక్కువగా ఉండటం వల్లే ఒక రచయితకు అన్నేళ్ల వ్యవధి దక్కింది. అదే నాటకంలో జేమ్స్ ఎర్ల్ జోన్స్‌కు కొడుకుగా నటించిన కోర్ట్నీ వాన్స్ అప్పటికి ఇంకా యేల్ విద్యార్థి. ‘మా రేనీస్’లో ముఖ్యపాత్ర లెవీని ధరించిన చార్లెస్ డటన్ అంతకు ముందు సంవత్సరమే అక్కడ పట్టా పుచ్చుకున్నవాడు. ఇరవయ్యో శతాబ్దపు ఒక్కో దశాబ్దానికి ఒకటి చొప్పున విల్సన్ రాసిన పది నాటకాల వరుసలో చివరిదైన ‘రేడియో గోల్ఫ్’ కూడా 2005లో, ఆయన మరణించిన ఏడాదే, యేల్ రెప్‌లోనే తొలిసారి ఆడారు.

దక్షిణాఫ్రికా నాటకకర్త ఆథల్ ఫుగార్డ్‌కూ ఈ రంగశాల ఆశ్రయమైంది. జాతివివక్ష పాలనలో ఒక తెల్లజాతి బాలుడికీ అతని తల్లి నడిపే టీ దుకాణంలో పనిచేసే ఇద్దరు నల్లజాతి సేవకులకూ మధ్య బంధం ఒక్క మధ్యాహ్నంలో బీటలువారే తీరును చూపిన ‘మాస్టర్ హెరాల్డ్ అండ్ ద బాయ్స్’ 1982లో రచయిత దర్శకత్వంలోనే ఇక్కడ తొలిసారి ప్రదర్శితమైంది. స్వదేశంలో ఆ నాటకంపై కొంతకాలం నిషేధం ఉండింది. 1991లో యేల్ రెప్‌కు ప్రాంతీయ రంగశాలలకు, అంటే న్యూయార్క్ వెలుపలి వృత్తి నాటక సంస్థలకు ఇచ్చే టోనీ పురస్కారం లభించింది.

రిచర్డ్స్ తరువాత స్టాన్ వోజెవోడ్‌స్కీ, 2002 నుంచి జేమ్స్ బండీ సారథ్యం వహించారు. కొత్త నాటకాలు రాయించే పనికి 2008లో ప్రత్యేక కేంద్రం ఏర్పడింది. 2021లో డేవిడ్ గెఫెన్ ఇచ్చిన 15 కోట్ల డాలర్ల విరాళంతో నాటక విద్యాలయం ఆయన పేరును స్వీకరించి, పట్టా విద్యార్థులకు ఫీజు పూర్తిగా రద్దు చేసింది. ఈ కాలపు ప్రదర్శనలలో సారా రూల్ ‘ద క్లీన్ హౌస్’ (2004) ఒకటి కాగా, పాలా వోగెల్ ‘ఇన్‌డీసెంట్’ (2015) మరొకటి. షోలెమ్ ఆష్ అనే యిద్దిష్ రచయిత నాటకాన్ని 1923లో న్యూయార్క్‌లో ఆడినందుకు నటులపై అశ్లీలత నేరం మోపిన ఉదంతం దీని ఇతివృత్తం. దర్శకురాలు రెబెకా టైక్‌మన్ ఆ కేసును యేల్‌లో విద్యార్థినిగా ఉన్నప్పుడే తన చివరి ప్రదర్శనకు అంశంగా ఎంచుకున్నది. ఏళ్ల తరువాత వోగెల్‌తో కలిసి దాన్ని పూర్తి నాటకంగా మలిచి యేల్ రెప్‌లో ప్రదర్శించి, 2017లో బ్రాడ్‌వేకు చేర్చి, ఉత్తమ దర్శకత్వానికి టోనీ పొందింది.